కొంగ మాస్టర్ మెడ

ఆ టైలరును వీధంతా కొంగ మాస్టర్ అంటుంది. తాటిచెట్టంత మనిషి, వేళ్లు కూడా సన్నగా, పొడుగ్గా ఉంటాయి. సూదిలో దారం ఎక్కించాలంటే గడ్డం పైకెత్తి, మెడ ఎడమకు వాల్చి, కొంగ చేపను చూసినట్టు చూస్తాడు. కీళ్లను వదులు చేసిన పుట్టుజబ్బే కంట్లో లెన్సును కూడా పక్కకు జార్చిందని ఆయనకు తెలుసు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. ఎవరైనా నవ్వితే తనూ నవ్వేసి మిషను తొక్కుకునేవాడు. కానీ ఒకరోజు కూతురు గుండీ కుడుతూ అచ్చం అలాగే మెడ వాల్చింది. కొట్లో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. "ఊళ్లోవాళ్లు చాలరని నువ్వు కూడా వెక్కిరిస్తున్నావా?" అంటూ అందరి ముందూ పిల్ల గడ్డం పట్టుకుని తల నిటారుగా తిప్పాడు.

ఆ పిల్ల మళ్లీ మెడ వంచలేదు. బోర్డు కనిపించడం లేదని బడినుంచి కబురొస్తే కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "లెన్సులు జారాయండీ. ఇది వంశంలో వచ్చేది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" మాస్టర్ చొక్కా గుండీ సవరించుకున్నాడు. ఆమె పిల్లవైపు తిరిగింది. "కనిపించకపోతే మెడ వంచి చూస్తావామ్మా?"

"వంచితే కనిపిస్తుందండీ," అంది పిల్ల, మెడ నిటారుగా పెట్టుకునే. "కానీ నాన్నకి సిగ్గేస్తుంది."