గొర్రెలక్క చెప్పని మాట

కూర్చో. ఆ ఫోన్ పక్కన పెట్టి ఈ అవ్వ చెప్పేది సరిగ్గా విను, విన్నాక రాసుకుందువు. ‘ఏకపక్షమైన’ అంటే ఏమని అడిగితివి కదా. పుస్తకంలో అర్థం ఉంటుందిలే. నాకు మాత్రం ఆ మాట మా తాతయ్య నేర్పించినాడు.

నా చిన్నప్పుడు ఒక ఏడు వాన ఒక్కసారే పడి మొహం చాటేసింది. చేలన్నీ మాడిపోతే, మా చేనులో ఒక మూల మాత్రం చెనిక్కాయ, అదే మీ వేరుశెనగ, చెట్లు కాస్త పచ్చగా నిలిచినాయి. మా నాయన వాటి చుట్టూ ముళ్ళకంప వేసి, మాకంటే ఎక్కువగా చూసుకునేవాడు. ఒకరోజు పక్కింటి గొర్రెలక్క మంద అందులో పడి అంతా మేసేసింది. మా ఊర్లో పైరు మేసిన గొర్రెను పట్టి కట్టేసుకుంటారు, నష్టం తీర్చేదాకా విడవరు. మా నాయన ఆమె సూడి గొర్రెను తెచ్చి మా ఇంటి ముందర కట్టేసినాడు. నేడో రేపో ఈనేటట్టు ఉండాది అది. ఆ అక్కకు మొగుడు లేడు, ఆ నాలుగు గొర్రెలే బతుకు. ఆమె తీర్చేది యాడిది?

కంప ఉండగా ఎట్ల పోయినాయని మా నాయన నన్ను అడిగినాడు. తోసుకుని పోయినాయి, నేను చూసినాను అని చెప్పినాను. అబద్ధం. పచ్చికాయల కోసం కంప లాగింది నేనే. తిన్నంత తిని, మళ్ళీ అడ్డం పెట్టేది మరిచి ఇంటికొచ్చినాను.

ఊర్లో తగువులు తీర్చేది మా తాతయ్యే. నా మాట విన్నాక ఇంక గొర్రె మాదే అనుకున్నారు అందరూ. తాతయ్య మాత్రం చేతికర్ర అందుకుని లేచినాడు.

“పొద్దున నుంచి మనింటోళ్ళే మాట్లాడతాండారు. ఇది ఏకపక్షమైన మాట. దీన్ని పట్టుకుని నేను తీర్పు చెప్పను. పదండి చేను కాడికి.”

ఆడ ఆయన పైరు వైపు చూడనే లేదు, కంప వైపు చూసినాడు. గొర్రెలు తోసింటే కంప లోపలికి పడాల. అది బయటికి లాగి, గట్టుకు ఆనించి ఉండాది. తాతయ్య మా వెనకాలే వచ్చిన గొర్రెలక్క వైపు తిరిగి, నువ్వేమీ చెప్పవా అమ్మా అన్నాడు.

ఆమె నన్ను ఒకసారి చూసి తల వంచుకుంది.

“నాదే తప్పు పెద్దయ్యా. గొర్రెలు నావే కదా.”

ఆ చూపుతో నాకు తెలిసిపోయింది. నేను కంప లాగేటప్పుడు ఆమె చూసింది. చెప్తే నన్ను కొడతారని, గొర్రెను వదులుకునేదానికి కూడా సిద్ధపడింది. నాకు ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేసినాను. మా నాయన చెయ్యెత్తినాడు.

“చెయ్యి దించు. ఈ పిల్ల అబద్ధం చెప్పింది నిజమే. ఆమెను ఒక్క మాటైనా అడిగితివా నువ్వు?” అన్నాడు తాతయ్య.

మా నాయన ఎత్తిన చెయ్యి దించినాడు. ఇంటికొచ్చి తన చేతుల్తోనే తాడు విప్పి, గొర్రెను ఆమె గడప దాకా తోలుకుపోయినాడు. మూడో రోజు అది ఈనింది. గొర్రెలక్క నన్ను పిలిచి, ఇంకా తడి ఆరని పిల్లను నా ఒళ్ళో పెట్టింది.

ఇప్పటికీ ఎవరన్నా ఇంకొకరి మీద చెప్పేదానికి వస్తే, నా కండ్లు మాట్లాడకుండా గమ్మున నిలబడిన మనిషి కోసం వెతుకుతాయి. పొద్దున నీ చెల్లెలి మీద నాకు అంత చెప్పితివే, అది నోరు తెరవకుండా గోడకు ఆనుకుని నిలబడింది చూడు, దాన్ని నేను కూడా అడగనే...

అదో, మీ అమ్మ పిలుస్తాంది, సంగటి చల్లారిపోతాందంట. వస్తాండామ్మా. నువ్వు లే, పోతా పోతా నీ చెల్లెల్ని పిలుచుకుని రా, నా పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని కూడా అడగాల.