లాకప్‌లో ఒకడు తక్కువ

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను సికింద్రాబాద్ శివారులోని ఒక జైలుకు డిప్యూటీ జైలరుగా వేశారు. కొత్త వార్డర్ల శిక్షణ కూడా నాకే అప్పగించారు. నేను గొంతు విప్పితే నేరేడ్‌మెట్‌లో కుక్కలు సైతం అటెన్షన్‌లో నిలబడేవని ప్రతీతి. దాన్ని పుట్టించిందీ నేనే.

ఒక సాయంత్రం లాకప్ వేళ, అంటే ఖైదీలను లెక్కపెట్టి బరాకులకు తాళాలు వేసే వేళ, రెండో బరాకులో అరవై ఒక్కరికి అరవై మందే తేలారు. ఖైదీలను జోడీలుగా కూర్చోబెట్టి, వీపు తట్టి లెక్కిస్తారు. లెక్క కుదిరేదాకా జైల్లో ఎవరూ కదలకూడదు. ఆ రోజు లెక్కించింది యాదగిరి. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన కొత్త వార్డరు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. మూడుసార్లు తట్టాడు. మూడుసార్లూ అరవయ్యే. నా చొక్కా పిండితే హుస్సేన్‌సాగర్ ఒక అడుగు పెరిగేది.

హెడ్ వార్డరు నర్సింలు అతని పక్కకు జరిగాడు. "యాదన్నా, నీ కండ్లు తప్పినయ్. అరవై ఒకటి పూరా రాసెయ్. పరారీ గంట కొడ్తే పెద్దసార్ అందరి తోలు తీస్తడు."

"లేనోన్ని ఏడికెల్లి తేవాలె అన్నా? అరవయ్యే రాస్త."

అతని ప్రొబేషన్ రిపోర్టు రాసేది నేనేనని గుర్తుచేశాను. అయినా అరవై అనే వేసి సంతకం పెట్టి, మెల్లగా అడిగాడు: "సార్, పగటీలి తలాషీ క్లాసుకు సాయిలును మీరే తోల్కపోయిన్రు గద. మళ్ల ఎవరికి ఒప్పజెప్పిన్రు?"

ఎవరికీ అప్పజెప్పలేదు. ఒంటి సోదా ఎలా చేయాలో చూపడానికి ఆ ఖైదీని రిజిస్టరులో రాయకుండా తీసుకెళ్ళాను. క్లాసు కాగానే ఆఫీసు నుంచి పిలుపొస్తే, వాణ్ణి ఆగమన్న సంగతి మరిచి శిక్షణ హాలుకు తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

తలుపు తీస్తే సాయిలు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. "ఆగుమన్నరు, ఆగిన. ఫ్యాను మంచిగున్నది సార్, అందుకే ఒర్లి పిలువలే."

ఆ హాలు కిటికీలకు ఊచలు లేవు. యాదగిరి పూరా రాసి ఉంటే, తెల్లారేదాకా సాయిలు కాగితం మీద లోపల, నిజానికి బయట ఉండేవాడు. మెమో నాకొచ్చింది. అందులో ఒక్క అక్షరం కూడా అతిశయోక్తి లేదు.

రాసి ఉన్న సంఖ్యకు మనుషులను సరిపెట్టకూడదు. కనిపించిన మనుషులకే సంఖ్య వేయాలి. ఎదుట ఎంత పెద్ద అధికారి అరుస్తున్నా సరే. మరుసటి బ్యాచ్ నుంచి దీన్ని శిక్షణలో చేర్చాను. పాఠంలో అధికారి పేరు మాత్రం రాయలేదు.