గాలికి వాసన ఉండదు

దోహాలో మేమున్నది నజ్మా అనే పేటలో, ఒక పాత ఇంటి మేడ మీద ఒకే గది. మా ఆయన కట్టడాల కంపెనీలో ఫోర్‌మన్. చమురు డబ్బు ఊరినంతా తవ్విపోస్తున్న రోజులవి. మా కిటికీ ఎదురుగానే పెద్ద గొయ్యి తీశారు. తెల్లారింది మొదలు లారీలే. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. అసలే నాకు ముక్కు మీద కోపం. లారీలనూ, గోతినీ, క్రేనునూ కిటికీలోంచి నోరారా తిట్టేదాన్ని. ఎవరికీ తెలుగు రాదు కాబట్టి మొహమాటపడలేదు.

మా అమ్మాయి అప్పుడు ఇండియన్ బడిలో రెండో తరగతి. ఆ ఏడు దానికి దగ్గు పట్టుకుంది. పడుకుంటే ముక్కు దిబ్బడ, బస్సెక్కితే కునుకు, క్లాసులో కూడా కునుకే. అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కలు తప్పింది. కార్డు చూసి మా ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"పెద్ద పరీక్షల గూడ గిట్లనే వస్తె ఎండకాలం సెలవులల్ల ఇద్దర్ని ఊరికి పంపిస్త. ఆడనే సదువుకుంటది," అన్నాడు మెల్లగా.

పెళ్ళయ్యాక ఆరేళ్ళు ఫోన్లోనే కాపురం చేసినదాన్ని నేను. ఈ ఒక్క గది కోసం ఎంత కాచుకున్నానో నాకు తెలుసు. మళ్ళీ ఆ బతుకు నా వల్ల కాదు.

పిల్లను క్లినిక్‌కు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ హైదరాబాదీ. ఛాతీ చూసి, "హవా కరాబ్ హై. ఈడ గాలి మంచిగ లేదమ్మా," అంది. "దుమ్ముకు నిద్ర పడ్తలేదు. నిద్ర లేకుంటె బడిల దిమాక్ ఎట్ల పనిచేస్తది? ఏసీల దుమ్ము పట్టే జాలి ఉంటది, అది వారం వారం కడుగు. లారీలు రాకముందు పొద్దుగాల జరసేపు కిటికీ తెరువు."

శుక్రవారం ఊళ్ళో అత్తమ్మకు ఫోన్ చేసి, "డాక్టర్ గాలి మంచిగ లేదంటున్నదత్తమ్మా," అన్నాను. మిగతా మాటలు ఆమె చెప్పనిస్తే కదా!

"గాలి సోకిందా? నేనప్పుడే అనుకున్న! పొద్దుగూకినంక పిల్లను బయట తిప్పకుర్రి అంటె ఇన్నరా? దుబాయ్‌ల దయ్యాలుండయా?"

"దుబాయ్ కాదత్తమ్మా, కతర్."

"ఏదైతేంది, గాలి గాలే. సాంబ్రాణి పంపుత. తలుపులన్ని మూసి పొగ వెయ్యి."

ఫోన్ పెట్టేసి నవ్వాను. పిల్ల పక్కనే కూర్చుని అంతా వింటోంది. సెలవు మీద ఊరికెళ్ళొచ్చిన మా ఆయన తోటి పనివాడి చేత సాంబ్రాణి పొట్లం రానే వచ్చింది. పది చదివినదాన్ని, ఇదేమీ నమ్మను. అయినా, వేస్తే పోయేదేముంది అనుకున్నాను. దుమ్ము రాకుండా కిటికీ సందులకు టేపు అంటించి, తలుపు కింద తడి టవలు పెట్టాను. రోజూ పొద్దున యూనిఫామ్ వేసుకున్న పిల్లను మధ్యలో కూర్చోబెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, తల చుట్టూ మూడుసార్లు తిప్పేదాన్ని. ఒకసారి నేను మేడ మీది ఉమ్మడి వంటగదిలో ఉండగా అది టేపు పీకి కిటికీ తెరిచింది. వీపు మీద ఒకటి వేశాను. ఆ దెబ్బ ఇప్పటికీ నా చేతికి గుర్తుంది.

దగ్గు తగ్గలేదు. తలనొప్పి కూడా తోడైంది.

చలికాలంలో ఒకరోజు బడి నుంచి చిన్న పరీక్ష పేపరు సంతకానికి వచ్చింది. గాలి గురించి ఖాళీలు పూరించాలి. గాలికి రంగు లేదు, వాసన లేదు అని రాయాలి. మా పిల్ల రంగు దగ్గర 'తెలుపు' అని రాసింది. వాసన దగ్గర ఇంగ్లీషు అక్షరాలతో 'సాంబ్రాణి' అని రాసింది. ఢిల్లీ వైపు నుంచి వచ్చిన టీచరుకు ఆ మాటేమిటో తెలియక ఎర్ర సిరాతో పెద్ద ప్రశ్నార్థకం పెట్టింది.

నాకు నవ్వొచ్చింది. మరుక్షణం ఆగిపోయింది. తలుపు వెనక వేలాడుతున్న యూనిఫామ్ తీసి వాసన చూశాను. కంచే చేను మేసిందంటే ఇదే. వీధిలో లారీలను తిట్టుకుంటూ, గదిలో పిల్లకు పొగ పెట్టింది నేనే. ఆ గౌను ముఖానికి అదుముకుని ఏడ్చాను.

మర్నాడే టేపు పీకేశాను, సాంబ్రాణి పారేశాను. లారీలు కదలకముందే కిటికీ తెరవడం, శుక్రవారం శుక్రవారం ఏసీ జాలి కడగడం అలవాటు చేసుకున్నాం. మొదటిసారి కడిగినప్పుడు బకెట్‌లో చాయ్ రంగు నీళ్ళు. దగ్గు పూర్తిగా పోలేదు, ఎదుటి గొయ్యి నాలుగంతస్తులు లేచింది. కానీ పిల్ల నిద్రపోయింది. పెద్ద పరీక్షల్లో లెక్కలు గట్టెక్కింది.

మా ఆయన కార్డు రెండుసార్లు చూశాడు. తర్వాత కుర్చీ ఎక్కి ఏసీ మూత తీశాడు. "యల్లా, నడువు, జాలి కడుగుదం పట్టు," అన్నాడు. మేం ఉంటున్నామని అలా తెలిసింది.

జాలి ఎండలో పెడుతుంటే పిల్ల నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, నాకు సోకిన గాలి పోయిందా?"

"ఏం గాలే?"

"నానమ్మ చెప్పిన గాలి. లెక్కలు నాకొస్తయి గని అది లోపల కూసొని తప్పు చేయిస్తదనుకున్న."

ఇన్ని నెలలూ ఆ పసిది అలా అనుకుంటూనే బడికి వెళ్ళింది. తడి చేతులతోనే దగ్గరికి తీసుకున్నాను.

"నీకేం సోకలె బిడ్డా. పట్టింది నాకు."