తాళం వేసిన స్విచ్చి గదిలో పరీక్ష

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే పక్కన పెట్టండి. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఈ మాట ముందే చెప్పాలి. మా ఇంట్లో పొద్దున ప్రార్థన, సాయంత్రం ప్రార్థన. చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర నిద్రపోతారని పాదిరిగారు చెప్పారు, నేను విన్నాను, అంతే. మూడో క్లాసుతో బడి మానేసినదాన్ని, అంతకంటే లోతుగా ఆలోచించే తెలివి నాకు లేదు. కానీ చూసింది మరిచిపోను. ఆ రోజు ఏ చీర కట్టుకున్నానో కూడా చెప్పగలను.

యుద్ధం జరుగుతున్న రోజులవి. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఒక చిన్న మిషను ఆసుపత్రి ఉండేది. మా ఆయన దావీదు అక్కడ కరెంటు మేస్త్రీ. నేను వార్డు గుడ్డలు ఉడకబెట్టి ఆరేసేదాన్ని. దావీదుకు ముందు ఆ పని వాళ్ళ నాయనది. ఆయన పేరు యోబు. నేను మామా అనేదాన్ని.

ఊరి కరెంటు అంత దూరం రాలేదు. ఆసుపత్రికి సొంత ఆయిలు ఇంజను ఉండేది, దానికి డైనమో. ఇంజను ఆగిపోతే ఆపరేషను గదిలో దీపం ఆరిపోకూడదని ఇంకో గదినిండా గాజు తొట్ల బ్యాటరీలు. ఈ రెంటికీ నడుమ, కిటికీ లేని చిన్న గదిలో ఒక స్విచ్చి. ఇంజను కరెంటు ఉన్నంతసేపు దానిలోని ఇనుప నాలుక పైకి అతుక్కుని ఉంటుంది. కరెంటు పోయిందంటే ఎవరూ తాకకుండానే టక్కుమని కిందపడి బ్యాటరీ వైపు రాగి రేకులను పట్టుకుంటుంది. కళ్ళు మూసి తెరిచేలోగా దీపం మళ్ళీ వెలుగుతుంది. మనిషి చెయ్యి పెట్టకుండా అదే పని చేసుకోవడం నాకు మొదట్లో వింతగా ఉండేది.

ఆ పెట్టె మీద ఇత్తడి రేకు, దాని మీద ఇంగ్లీషు అంకెలు. అవేమిటని ఒకసారి మామను అడిగాను.

"ఇది ఎంత దెబ్బకు తట్టుకుంటాదో రాసుండారమ్మా. తీగా తీగా తగులుకుంటే కరెంటు వరదగా పారతాది. ఈ అంకె దాటిందంటే రేకులు కరిగి అతుక్కుంటాయి. నాలుక ఇంక పడదు, దీపం ఎలగదు. అందుకే ముందర ఫ్యూజు తీగ సన్నంగా ఉండాల. అది కాలాల, ఇది బతకాల."

నెలకొకసారి, మొదటి శనివారం పొద్దున పది గంటలకు, మామ దాన్ని పరీక్ష పెట్టేవాడు. మొదట పెట్టెను వేలి కణుపులతో రెండుసార్లు కొట్టేవాడు. ఇంజను కరెంటు తెంచి నాలుక పడుతుందో లేదో చూసేవాడు. మళ్ళీ కరెంటు ఇచ్చి, నాలుక పైకి అతుక్కున్నాక, ఒక వారన రెండు తీగలు కావాలనే తగిలించి ఫ్యూజు కాల్చేవాడు. అది కాలాక రాగి రేకుల మీద బొటనవేలి గోరు పెట్టి గీసి, నున్నగా ఉన్నాయా, గరుకు తేలాయా అని చూసేవాడు. ఆసుపత్రిలో దీపాలు ఒక రెప్పపాటు కొట్టుకుంటే నర్సులు "యోబయ్య పరీక్ష పెడతాండాడు" అనుకునేవాళ్ళు.

"యాల మామా పెట్టెను కొడతావు? లోపలివాళ్ళు తలుపు తీస్తారా?" అని నేను నవ్వేదాన్ని.

"నెలంతా నిలబడి నిద్రపోతాదమ్మా పాపం. లేపి అడగాల కదా" అనేవాడు.

మామది ఎడమ చేతివాటం. ఫ్యూజు తీగను స్క్రూ చుట్టూ ఎడమకు చుట్టేవాడు. స్క్రూ కుడికి బిగుస్తుంది కాబట్టి అలా చుడితే తీగ జారిపోతుంది. అందుకని మామ మూడు చుట్లు వేసేవాడు. లోకంలో ఏ మేస్త్రీ అట్లా చుట్టడని దావీదు ఎగతాళి చేసేవాడు. "నా చెయ్యి నా మాట వింటాది గానీ స్క్రూ మాట వినదురా" అనేవాడు మామ.

మామ జ్వరంతో పోయాడు. పుంగనూరులో, మా అత్త పక్కన పూడ్చిపెట్టాము. పని దావీదుకు వచ్చింది.

మరుసటి ఏడు వానలు తొందరగా పట్టుకున్నాయి. వార్డు గోడలో నీళ్ళు దిగి, కొయ్య పట్టీలోని తీగలు తడిసి, ఫ్యూజు రోజుకు రెండుసార్లు కాలిపోయేది. యుద్ధం వల్ల ఫ్యూజు తీగ ఎక్కడా దొరకలేదు. వార్డు చీకటైనప్పుడల్లా డాక్టరమ్మ దావీదును పిలిపించి నిలబెట్టి అడిగేది. ఆ అమ్మ మంచిదే, కానీ ఆమె మాటకు దావీదు మొహం చిన్నబోయేది.

చివరకు ఒకరోజు, పాత కేబులు కోసి లోపలి రాగి తీగను మూడు పేటలుగా మెలిపెట్టి ఫ్యూజు చోట బిగించాడు. ఆ తీగను బట్టతో తుడిచి అందించింది నేనే. ఈ సంగతి దాచిపెట్టను.

"మామ ఉంటే చెయ్యి ఇరగ్గొట్టేవాడు" అన్నాను.

"అసలు తీగ దొరికేదాకనే ఎస్తేరూ. యాడా అనబాకు" అన్నాడు. నేను అనలేదు.

ఆ నెల మొదటి శనివారం పరీక్ష జరగలేదు. అంత లావు తీగతో పరీక్ష పెడితే కాలేది ఫ్యూజు కాదు, స్విచ్చి. దావీదుకు అది తెలుసు.

కుప్పం స్టేషనులో పనిచేసే స్నేహితుడి దగ్గర కొంచెం ఫ్యూజు తీగ ఉందని కబురు వచ్చింది. గురువారం పొద్దున్నే దావీదు బస్సు ఎక్కాడు, పెట్రోలు కరువై బొగ్గు మండించి నడిపే యుద్ధకాలపు బస్సు అది. స్విచ్చి గదికి ఒక్కటే తాళంచెవి. దాన్ని నా చేతిలో పెట్టి పోయాడు. నల్ల అంచు తెల్ల చీర కట్టుకున్నాను ఆ రోజు, చెంగుకు ముడివేసుకున్నాను.

అంతకు ముందురోజే మా చెల్లెలు రూతును కలకడ నుంచి బండిలో తెచ్చారు. తొలి కాన్పు. మా అమ్మ పోయాక నా చేతుల మీద పెరిగిన పిల్ల. రాత్రంతా నొప్పులు పడింది, బిడ్డ అడ్డం తిరిగింది. ఇక మధ్యాహ్నం దాకా చూసి కడుపు కోయాల్సిందేనని డాక్టరమ్మ చెప్పింది.

పొద్దున పది గంటలప్పుడు గుడ్డలు ఆరేయడానికి ఇంజను గది పక్కకు పోయాను. నీళ్ళు తోడడానికి ఇంజను నడుస్తోంది. తడి దుప్పటి దండెం మీద వేస్తున్నాను. స్విచ్చి గదిలో నుంచి రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది. ఒక ఊపిరి పీల్చుకునేంతసేపు ఏమీ లేదు. తరువాత టక్కుమంది.

దుప్పటి నా చేతిలోనే ఉంది. ఆ చప్పుడు నేను ఎన్ని శనివారాలు విన్నానో.

ఇంజను డ్రైవరు మునెప్ప చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. కురబలకోట పక్క గొర్రెలు కాచే ఇంటివాడు, ఇంజను తప్ప ఇంకేదీ ముట్టడు.

"ఏమ్మా, దావీదప్ప ఊరికి పోలేదా? ఇంజను ఒక్కసారిగా తేలికైపాయ, మళ్ళా బరువెక్కె. స్విచ్చి కాడ ఎవరో ఉండారే?"

"ఆయన బస్సెక్కి రెండు గంటలాయ. తాళంచెవి నా కాడనే ఉండాది."

ఇద్దరం తలుపు దాకా పోయాము. తాళం వేసింది వేసినట్టే ఉంది. నేను తీశాను. మునెప్ప గడప దాటలేదు. "నేను ఇంజను మనిషిని తల్లీ, ఆడ నాకేం పని" అన్నాడు. లోపల ఎవరూ లేరు. నాలుక ఎప్పటిలా పైన అతుక్కుని ఉంది. కాలిన వాసన కొంచెం ఉంది. ఫ్యూజు పెట్టె మూత ఎత్తి చూడాలని నాకు తోచలేదు. భయం వేసింది, తాళం వేసుకుని వచ్చేశాను. నడవాలో నర్సమ్మ నన్ను చూసి అడిగింది, "ఈరోజు గురువారం కదా, పరీక్ష యాల పెడతాండారు?" అని. దీపాలు కొట్టుకోవడం ఆమె కూడా చూసింది.

మూడు గంటలకు మబ్బు కమ్మి పగలే చీకటైంది. వాన ఎట్లా పడిందంటే, వార్డు పెంకుల్లో నుంచి నీళ్ళు ధారగా కారాయి. రూతు ఆపరేషను గదిలో ఉంది. నేను బయట వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. తలుపు సందులో నుంచి వెలుగు గీత నా కాళ్ళ మీద పడుతోంది. నా కళ్ళు ఆ గీతనే పట్టుకున్నాయి.

వార్డు వైపు నుంచి ఫట్‌మని పెద్ద చప్పుడు. తడిసిన తీగలు తగులుకున్నాయి. ఇంజను రొమ్ములో ముల్లు దిగినట్టు మూలిగింది. నా కాళ్ళ మీది వెలుగు ఎర్రబడింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది, ఫ్యూజు చోట ఉన్నది నేను తుడిచి ఇచ్చిన రాగి తీగ. అది కాలదు. స్విచ్చి కాలుతుంది. నా చెల్లెలి కడుపు తెరిచి ఉంది, ఆ గదిలో ఇంకో దీపం లేదు. "ప్రభువా" అన్నానో, "మామా" అన్నానో, నిజంగా తెలియదు.

వెలుగు గీత ఆరిపోయింది.

టక్.

గీత మళ్ళీ నా కాళ్ళ మీద పడింది. లోపల డాక్టరమ్మ గొంతు ఆగకుండా ఏదో అడుగుతూనే ఉంది. వార్డు మాత్రం చీకటిగానే ఉండిపోయింది. ఆపరేషను గదిలో దీపం, కుట్లు వేయడం అయ్యేదాకా, ఇంకో గంట వెలిగింది.

రూతు బతికింది. బిడ్డ మాత్రం ఏడవలేదు. ఆడబిడ్డ. దాన్ని గుడ్డలో చుట్టి నా చేతికే ఇచ్చారు.

మరునాడు దావీదు వచ్చాడు. సంగతంతా విని, నేరుగా స్విచ్చి గదికి పోయాడు. నేను వెనకే పోయాను. రాగి రేకుల మీద గోరు పెట్టి గీశాడు. నున్నగా ఉన్నాయి. ఫ్యూజు పెట్టె మూత తీశాడు.

మా లావు తీగ అందులో లేదు. అది చుట్టగా చుట్టి స్విచ్చి పెట్టె పైన పెట్టి ఉంది. ఫ్యూజు చోట నడుమ కాలిపోయిన సన్న తీగ ముక్కలు రెండు, రెండు స్క్రూల కింద మిగిలాయి. మూడేసి చుట్లు. ఎడమకు.

దావీదు నేల మీద కూర్చుండిపోయాడు. ఆ ముక్కల వైపే చూస్తూ అన్నాడు.

"నిన్న బస్సు పుంగనూరులో బొగ్గుకు నిలిచింది ఎస్తేరూ. నాయన సమాధి కాడికి పోయినాను. దాచిపెట్టలేక చెప్పేసినాను. లావు తీగ ఏసినాను నాయనా, పరీక్ష కూడా పెట్టలేదు, తిరిగొచ్చేదాకా ఏమీ కాకుండా సూడు, అని."

"ఎన్ని గంటలప్పుడు?" అన్నాను.

"చర్చి గంట కొట్టినారు. పది."

ఆ ఏడు మా దగ్గర మూరెడు ఫ్యూజు తీగ కూడా లేదు. తాళంచెవి నా చెంగు విడవలేదు. మునెప్ప చదువు లేనివాడు, అబద్ధం చెప్పడం కూడా రాదు. నర్సమ్మకు మా మామ చేతివాటం సంగతే తెలియదు. ఇన్నేళ్ళుగా అటు తిప్పి ఇటు తిప్పి చూశాను, ఎవరు చేశారో నాకు దొరకలేదు. మామే చేశాడని అనను, పాదిరిగారు ఒప్పుకోరు. కాదని కూడా అనలేను. ఒక్క సంగతి మాత్రం అడగాలనిపిస్తుంది. దీపం ఆగకుండా చూసినవాడు ఆ బిడ్డ ఊపిరిని కూడా పట్టుకుని ఉండకూడదా?

కుప్పం నుంచి తెచ్చిన తీగను దావీదు ఆ రోజే బిగించాడు. ఆయనది కుడిచేతి వాటం. అయినా ఎడమకు మూడు చుట్లు చుట్టాడు. పెట్టెను రెండుసార్లు తట్టి, పరీక్ష పెట్టాడు. పని మానేసేదాకా ఇంకో రకంగా చుట్టగా నేను చూడలేదు.

ఓపికగా విన్నారు, సంతోషం. మీ గడపలో దీపం అవసరమైన గంటలో ఆరిపోకుండా ఉండాలి. మీ ఇంట పుట్టే ప్రతి బిడ్డా పుట్టగానే గట్టిగా ఏడవాలి. ఆ ఏడుపు విని మీరందరూ నవ్వాలి.