చిల్లుల మౌసుకు ఆయుధపూజ

నానక్‌రామ్‌గూడలో అద్దాల భవనాల వెనక, కిరాణా కొట్టు మీది మేడలో రెండు గదులు మా ఆఫీసు. కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్ల కోసం తేలికపాటి మౌసు ఒకటి డిజైన్ చెయ్యడం అక్కడ నా పని. కొండను తవ్వి ఎలుకను పట్టే సామెతను మా బంధువుల్లో నా మీద ప్రయోగించనివాళ్లు లేరు. కొత్తగా ఎవరైనా ఆ సామెత ఎత్తుకుంటే మిగతాది నేనే పూర్తి చేసేదాన్ని.

పోటీలు ఆడేవాళ్లు గంటల తరబడి మౌసును అటూ ఇటూ విసురుతూనే ఉంటారు. అది ఎంత తేలికైతే చేతికి అంత సుఖం. అందుకని పైడొప్ప నిండా తేనెపట్టులా చిల్లులు పెట్టాను. గోడలు పలచన చేస్తే పట్టుకోగానే కిర్రుమనేది. ఆ కిర్రు పోగొట్టడానికి లోపల సన్నటి బద్దలు వేస్తే మళ్లీ బరువెక్కేది. సర్క్యూట్ పని చూసే సహోద్యోగి పుట్టి పెరిగింది శేరిలింగంపల్లిలోనే. "అక్కా, నువ్వు దాన్ని తయారు చేస్తున్నవా, ఉపాసముంచుతున్నవా?" అనేవాడు. ఎలాగైతేనేం, చివరికి కోడిగుడ్డు కన్నా తేలికగా దిగింది. ఇన్నేళ్లూ ఎవరెవరివో డ్రాయింగులు దిద్దిన నాకు, మొదటి గీత నుంచీ నాదైన వస్తువు అదొక్కటే. చూసుకుని మురిసిపోయాను, దాచుకోవడమెందుకు.

మా బాస్‌ది భీమవరం. మౌసును అరచేతిలో పెట్టుకుని, వంకాయల్ని చూసినట్టు పైకీ కిందికీ ఊపి, మొహం చిట్లించారు.

"బానే ఉంది గానీ మేడమ్, చేతికి ఆనడం లేదండి. కొన్నవాడు లోపల సరుకు లేదనుకోడూ? ఆ చిల్లులు మూసేసి, అడుగున ఓ ఇనపబిళ్ల వేయించండి."

ఇనపబిళ్ల! నాకు ఒళ్లు మండింది. మండిందని చెప్పాను కూడా. ఆయన మెత్తగా నవ్వి, "మణికొండలో పోటీలు ఆడే అమ్మాయి ఉందండి, పిలిపిస్తాను. ఆవిడ బాగుందంటే మీ మాట. లేదంటే నా బిళ్ల" అన్నారు. మా దగ్గర ఉన్నది ఒక్కటే నమూనా.

ఆ అమ్మాయి వస్తానన్నది దసరా సెలవులకు ముందురోజు. ఆఫీసులో ఆయుధపూజ కూడా ఆ పూటే. బాస్‌కు పూజంటే ప్రాణం. త్రీడీ ప్రింటర్‌కు బంతిపూల దండ, కత్తెరకు గంధం, కాఫీ మిషన్‌కు బొట్టు. నేను కర్పూరం కోసం కింద కొట్టుకు వెళ్లి వచ్చేసరికి, నా మౌసు పళ్లెంలో పెళ్లికూతురిలా కూర్చుని ఉంది. ఆయన దాని నుదుటన బొట్టు పెట్టి, పైనుంచి గుప్పెడు అక్షింతలు, చిటికెలకొద్దీ కుంకుమ చల్లారు. మామూలు మౌసైతే తుడిచేస్తే పోయేది. దీనికి ఒళ్లంతా చిల్లులే.

"సార్, లోపలికి పోయింది!"

"పోనివ్వండి మేడమ్, అమ్మవారి కుంకుమ. మంచిదే."

విప్పి శుభ్రం చేద్దామని మా సహోద్యోగి గంధం పూసిన స్క్రూడ్రైవర్ అందుకోబోయాడు. బాస్ చెయ్యి పట్టుకుని ఆపేశారు. పూజలో పెట్టిన ఆయుధాన్ని ఆ రోజు ముట్టుకోకూడదట.

"మరి మౌసును ముట్టుకోవచ్చా సార్?" అన్నాడు వాడు.

"అది ఆయుధం కాదండి, సరుకు."

అంతలో ఆ అమ్మాయి రానే వచ్చింది. తన లాప్‌టాప్ తనే తెచ్చుకుంది కాబట్టి సరిపోయింది, మావన్నీ దండలు వేసుకుని విశ్రాంతిలో ఉన్నాయి. మౌసును చేతిలోకి తీసుకోగానే, "ఏంది సార్, గింత తేలిగ్గున్నది? లోపల ఏమన్న పెట్టిన్రా లేదా?" అంది. బాస్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆట మొదలుపెడితే తెర మీద బాణం కదలనని మొరాయించింది. ఆమె మౌసును తిరగేసి బల్లకేసి తట్టింది. జలజలా అక్షింతలు రాలాయి.

"పెట్టిన్రు సార్. బియ్యం పెట్టిన్రు."

సిగ్గుతో బల్ల మీది గింజలు ఏరసాగాను. బాణం మాత్రం కదిలింది. ఆమె ఆటలో పడి మమ్మల్ని మరిచిపోయింది. మేం ముగ్గురం ఆమె చేతినే చూస్తూ నిలబడ్డాం. ఆట ముగించి చెయ్యి ఎత్తేసరికి అరచెయ్యంతా ఎర్రగా ఉంది.

"అయ్యో, నెత్తురండీ!" బాస్ కేక వేశారు. "చూశారా మేడమ్, ఆ చిల్లులు కోసేశాయి. దూది తెండి, దూది!"

"నెత్తురు కాదు సార్, మీ కుంకుమ!" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఆమె అరచెయ్యి చూసుకుని, జీన్స్‌కు తుడుచుకుని, మళ్లీ మౌసు మీదే చెయ్యి వేసింది. "ఫికర్ చెయ్యకున్రి సార్. నా పాత మౌస్‌తోని గింతసేపు ఆడితే మణికట్టు గుంజుతుండె. ఇయ్యాల నాకు చెయ్యి యాదికే రాలే."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతికి ఆ మరుపు కోసమే కదా నేను ఇన్నాళ్లూ గోడలు గీకింది.

బాస్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"మేడమ్, డబ్బాలో వేసే కాగితం మీద ఒక ముక్క రాయించండి. చిల్లులు ఉన్నందున పసుపు కుంకుమలు పెట్టరాదని."

"అక్షింతలు కూడా రాయించనా సార్?"

"అక్షింతలు కూడానండి."