వంక గట్టు మీద పిలుపు

రెండువేల నాలుగు వేసవిలో, మైదుకూరు దాటాక మా బస్సు టైరు పంక్చరైంది. దిగినవాళ్లలో చుట్టిన వల భుజాన వేసుకున్న ఒకాయన, ఆయన భార్య ఉన్నారు. కర్బూజ తోటల్లో పడే నక్కలను పట్టడం వాళ్ల పని. ఆయన రోడ్డు పక్కన నీళ్లు ఎండిన వంకను చూసి నాతో అన్నాడు.

"నక్కను పిలిచేదానికి శానా మంచి తావప్పా ఇది. ముందర కంపచెట్లుండాయి, అది ఆడే పడుకోనుంటాది. గాలి మన మొగానికి కొడతాండాది, మన వాసన దానికి పోదు. పొద్దు మన ఎనకుండాది, దానికి మనం కానరాము."

"నువ్వు పిలిస్తే వస్తాదా?" అని కండక్టర్ నవ్వాడు.

"నేను గాదప్పా. తావు చూసేది, పిలిచేది ఈమె. నేను వల పట్టుకునేవాణ్ణి."

ఈసారి అందరూ నవ్వారు. ఆమె తల దించుకుంది.

"పిలువు, చూడనీ" అన్నాడాయన.

ఆమె మమ్మల్ని కూర్చోమని, గట్టు మీద చతికిలబడి, మణికట్టుకు పెదాలు ఆనించి కుందేలు పిల్ల ఏడ్చినట్టు అరిచింది. కాసేపాగి మళ్లీ అరిచింది. కంపచెట్లు కదిలాయి. నక్క ఒకటి బయటికొచ్చి, చెవులు నిక్కించి మా వైపే నడిచింది. కండక్టర్ కూర్చున్నచోటే నోరు తెరిచాడు.

ఆయన వల విప్పలేదు. నక్కను చూడనైనా లేదు. మా మొహాలే చూస్తూ, "చూస్తిరా? మా ఇంటామె!" అన్నాడు.

ఆ తర్వాత వారం, బనగానపల్లె బట్టల అంగడిలో నేను అమ్మడానికి తీసుకుపోయిన చీర మడత విప్పి, "ఎవరు నేసిందప్పా?" అని శెట్టి అడిగాడు.

"మా ఇంటామె" అన్నాను. ఎప్పటిలా గొణగకుండా, అంగడంతా వినబడేలా అన్నాను.