మలుపుకో హారన్

పోయినేడాది సాలూరు ఘాట్ రోడ్డులో కార్ల ర్యాలీకి దిగాం. నడిపేది మా బావ. పక్కన కూర్చుని ముందున్న మలుపులు చదివి చెప్పేది నేను. ఏళ్ల తరబడి లారీ తోలిన అలవాటుకొద్దీ ఆయన ప్రతి మలుపులోనూ హారన్ కొడుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"రోడ్డు మూసేసినారు బావా! ఏటీ గోల? ఎవులొస్తారని? స్పీడు పెంచు!"

ఆయన వినలేదు. హారన్ మోగిస్తూ మరో మలుపు తిరిగేసరికి, రోడ్డు మీద నుంచి జనం గట్టు మీదికి పరుగెడుతున్నారు. చివరగా ఎక్కింది మా అక్క, చేతిలో ఫోనుతో. ఎవరికీ ఏమీ కాలేదు. హమ్మయ్య అని పైకే అనేశాను.

"ఇంటికెళ్లినాక దీని పని సెప్తాను," అన్నాడు బావ.

నేను తర్వాతి మలుపు చదివాను. "కుడికి, బాగా వంపు. హారన్ కొట్టు బావా!"